మా ఇంటి రక్తంలో ఉందంట!

ఫోన్ వచ్చి గంట కూడా కాలా. కందుకూరు వాళ్ళు చెల్లి సంబంధం వద్దనేశారు. మా నాయనమ్మకి అల్జీమర్స్, అదే మతిమరుపు జబ్బు, ఉండేదని ఎవరో చేరవేశారంట. "అది రక్తంలో ఉంటది, పిల్లకి జీన్ టెస్టు చేయించి రిపోర్టు పంపండి, అప్పుడు చూద్దాం" అని మధ్యవర్తితో చెప్పించారు. ఇంకా చేతులు వణకతానే ఉండాయి నాకు.

నాయనమ్మకి మొదలైంది 76వ ఏట. తరం తరానికి గట్టిగా దిగే రకం వేరే. ఏపీపీ, ప్రిసెనిలిన్ 1, ప్రిసెనిలిన్ 2 జీన్లలో తేడా వల్ల ఎక్కువగా 65 లోపే వస్తుంది. మొత్తం కేసుల్లో నూటికి ఒకటి కూడా ఉండదు. ముసలితనంలో వచ్చేదానికి అందరూ చెప్పేది ఏపీఓఈ జీన్. అందులో ఇ4 రకం ఒకటుంటే ముప్పు రెండు మూడింతలు, అమ్మానాన్నలిద్దరి నుంచీ వస్తే ఎనిమిది నుంచి పన్నెండింతలు. అది ముప్పు లెక్క మాత్రమే. ఇ4 ఉండి కూడా చివరిదాకా మనవళ్ళ పేర్లు మర్చిపోనోళ్ళున్నారు, అది లేకుండా జబ్బు పడినోళ్ళూ ఉన్నారు. నాయనమ్మకి ఉందో లేదో ఎవురూ పరీక్షే చేయలా! బీపీ, షుగరు, పొగ, చెవుడు కూడా ఈ ముప్పు పెంచేవే. మా అరుగు మీద కూర్చుని రెండు సిగరెట్లు కాల్చిన వాళ్ళ పెద్దాయన్ని మేం ఏ రిపోర్టన్నా అడిగామా? వాళ్ళింట్లో మూడు తరాలుగా మేనరికాలు చేసుకున్నోళ్ళకి రక్తం ఇప్పుడు గుర్తొచ్చింది.

చేరవేసింది ఎవరో నాకు తెలుసు. మా బంధువులే. నాయనమ్మ చేపల పులుసులో రెండుసార్లు ఉప్పేస్తే పగలబడి నవ్వినోళ్ళే. తిన్న పది నిమిషాలకే ఆమె వీధి అరుగు మీదకొచ్చి "నాకు కోడలు అన్నం పెట్టలేదమ్మా" అంటే నమ్మి, మా కావలి ఊరంతా చెప్పుకున్నోళ్ళే. మా అమ్మ రోజూ ఆమె చెయ్యి పట్టుకుని ముక్కు దగ్గర పెట్టేది. "ఇప్పుడే తిన్నావు కదత్తా, చెయ్యి వాసన చూడు, పులుసు వాసనొస్తా ఉంది." నాయనమ్మ వాసన చూసి సరేనని తలూపేది. మళ్ళీ అరుగు మీదకి పోయేది. అప్పుడు జబ్బని ఒక్కరూ అనలా. తప్పంతా కోడలిది. ఇప్పుడు చెల్లి పెళ్ళి దగ్గరికొచ్చేసరికి జబ్బయింది, రక్తమయింది.

సంబంధం పోయిందని చెప్తే అమ్మ ముందు ఏమడిగిందో తెలుసా?

"నేను అన్నం పెట్టలేదని కూడా చెప్పారా వాళ్ళకి?"