మామూలు నీళ్ళు కణంలోకి పోవట!

మామూలు నీళ్ళు ఎంత తాగినా కణాల్లోకి వెళ్ళవంటూ ఒక మెసేజ్ చాలాకాలంగా గ్రూపుల్లో తిరుగుతోంది. దాని వాదన క్లుప్తంగా ఇదీ: మామూలు నీటిలో అణువులు పెద్ద గుంపులుగా ఉంటాయి, ఆ గుంపులు కణత్వచంలో (కణం చుట్టూ ఉండే పలచని పొరలో) పట్టవు, కాబట్టి తాగినదంతా మూత్రంలో పోతుంది. ఫలానా మెషీన్ ఆ గుంపుల్ని చిన్నవి చేస్తుంది, పైగా నీటిని ఆల్కలైన్ (క్షారగుణం ఉన్నదిగా) చేస్తుంది. మెషీన్ కొనలేనివాళ్ళు చిటికెడు ఉప్పు కలుపుకుంటే చాలు, అది కణం తలుపులు తెరుస్తుంది. నాకిది పంపినవాళ్ళలో సైన్స్ చదివినవాళ్ళూ ఉన్నారు. అందుకే రాస్తున్నాను.

ముందు గుంపుల సంగతి. నీటి అణువులు హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి పట్టుకుంటాయన్నది నిజమే. ఎంతసేపు? సుమారు ఒక పికోసెకను, అంటే సెకనులో లక్ష కోట్లవ వంతు. పట్టుకోవడం, వదిలేయడం, పక్కదాన్ని పట్టుకోవడం, రోజంతా అదే పని. మెషీన్ ఏదో ఒక అమరిక తెచ్చిందనే అనుకుందాం. గ్లాసు పెదవి దాకా వచ్చేసరికి దాని ఆనవాలు కూడా మిగలదు.

అసలు నీళ్ళు కణంలోకి గుంపుగా పోనే పోవు. త్వచం మందం 5 నానోమీటర్లకు అటూ ఇటూ, రెండు వరసల కొవ్వు. అందులోంచి నీరు కొంత నెమ్మదిగా జారుతుంది. మరి ఎర్ర రక్తకణాల్లోకి అంత వేగంగా ఎలా పోతోందన్నది చాలా ఏళ్ళు తేలలేదు. అమెరికా శాస్త్రవేత్త పీటర్ ఆగ్రే బృందం ఆర్‌హెచ్ రక్తవర్గం ప్రొటీన్ మీద పనిచేస్తుంటే, అనుకోకుండా ఇంకో ప్రొటీన్ దొరికింది. అదేం చేస్తుందో తేల్చడానికి కప్ప అండకణాలను వాడారు. కప్పలు చెరువులో గుడ్లు పెట్టినా అవి ఉబ్బి పగిలిపోవు, వాటి పొరలోంచి నీరు అంత తేలిగ్గా దూరదు. అలాంటి అండకణాల్లో కొన్నింటి చేత ఈ ప్రొటీన్ తయారు చేయించి, పలచని ద్రావణంలో వేశారు. అవి నిమిషాల్లో ఉబ్బి పగిలిపోయాయి. ప్రొటీన్ లేనివి దాదాపు అలాగే ఉన్నాయి. ఇది 1992లో అచ్చయింది. 2003లో ఆగ్రేకు కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. ఆ ప్రొటీనే ఆక్వాపోరిన్. దాని సన్నటి చోట ఒక్క నీటి అణువే పడుతుంది, అందుకని అణువులన్నీ ఒకే వరసలో నడుస్తాయి. అయినా ఒక్క ఆక్వాపోరిన్‌లోంచి సెకనుకు 300 కోట్ల అణువుల దాకా దాటగలవు.

కళ్ళతో చూడాలంటే కాలేజీ మైక్రోస్కోపు చాలు. ఎర్ర ఉల్లిపాయ మీది పొర స్లైడు మీద పరిచి, ఒక చుక్క చిక్కటి ఉప్పునీరు వేయండి. కణం గోడ లోపల నిండా పరుచుకున్న గులాబీరంగు ముద్ద అంచులు వదిలి లోపలికి కుంచించుకుపోతుంది. ఇప్పుడు ఉప్పునీరు అద్ది తీసేసి కుళాయి నీళ్ళు వేయండి. ఆ ముద్ద మెల్లగా ఉబ్బి మళ్ళీ గోడని ఆనుకుంటుంది. ఏ మెషీనూ ముట్టని నీళ్ళే అవి. లోపలికి పోవాలా, బయటికి రావాలా అన్నది పొరకు రెండువైపులా కరిగి ఉన్న పదార్థాలను బట్టి ఉంటుంది. ఇదే ద్రవాభిసరణ.

మూత్రం వాదన అయితే పూర్తిగా తలకిందులు. కిడ్నీలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగడతాయి, బయటికొచ్చేది ఒకటిన్నర, రెండు లీటర్లు. మిగతా నీరంతా వెనక్కి వచ్చేది ఎక్కువగా కిడ్నీ గొట్టాల గోడల్లోని కణాల గుండానే. నీళ్ళు ఎక్కువైతే, ఒంట్లో నీటిని నిలిపి ఉంచే వాసోప్రెసిన్ హార్మోన్ తగ్గుతుంది, చివరి గొట్టాల్లో ఆక్వాపోరిన్లు పొర మీంచి లోపలికి వెళ్ళిపోతాయి, మిగులు నీరు బయటికి పోతుంది. రెండు లీటర్లు తాగి పదిసార్లు లేచారంటే కణాలు ఎండిపోతున్నాయని టెన్షన్ పడక్కర్లేదు.

ఆల్కలైన్ ముచ్చటకు రెండు వాక్యాలు చాలు. తాగిన నీళ్ళు ముందు పడేది జీర్ణాశయంలోని యాసిడ్‌లో, రక్తం పీహెచ్‌ని 7.35, 7.45 మధ్య పట్టి ఉంచేది ఊపిరితిత్తులు, కిడ్నీలు. ఆక్వాపోరిన్ అయితే యాసిడ్ గుణాన్నిచ్చే ప్రోటాన్లను (హైడ్రోజన్ అయాన్లను) దాటనివ్వదు, దానికి ప్రత్యేకమైన కాపలా ఉంది.

ఉప్పు మాటలో మాత్రం సగం నిజముంది, అందుకే అది బాగా నమ్మిస్తుంది. పేగు గోడలో ఎస్‌జీఎల్‌టీ-1 అనే ప్రొటీన్ సోడియంని, గ్లూకోజ్‌ని జోడీగా లోపలికి లాగుతుంది, వెంట నీరూ వస్తుంది. ఓఆర్‌ఎస్ పనిచేసేది అలాగే. లీటరు ద్రావణంలో సోడియం 75 మిల్లీమోల్స్ ఉంటే గ్లూకోజ్ కూడా అంతే ఉంటుంది. కానీ పేగు దాటి రక్తంలోకి వచ్చిన సోడియం చాలావరకు కణాల బయటే ఉండిపోతుంది. కొంత లోపలికి జారినా సోడియం-పొటాషియం పంపు ఊరుకోదు, ప్రతి విడతలో మూడు సోడియం అయాన్లను బయటికి నెట్టి రెండు పొటాషియంలను లోపలికి తెస్తుంది. బయట సోడియం ఎక్కువైతే నీళ్ళు కణంలోంచే బయటికి వస్తాయి, ఉల్లిపాయ పొరలో జరిగినట్టే.