కూటి కోసం కోటు విద్యలు

మొన్న మే నెల మొదటి వారంలో మా మేనల్లుడికి పాత మహాబలిపురం రోడ్డులోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి ఇంటర్వ్యూకి రమ్మని మెయిల్ వచ్చింది. అందులో జీతమెంతో లేదు, చేయాల్సిన పనేమిటో సగమే ఉంది, ఉదయం తొమ్మిదికి వెళ్లినవాణ్ణి ఎన్నింటికి వదిలిపెడతారో అసలే లేదు. ఒక్క సంగతి మాత్రం బొద్దు అక్షరాల్లో, కింద గీత గీసి మరీ రాశారు. అభ్యర్థులు బిజినెస్ ఫార్మల్స్‌లోనే రావాలి, టై తప్పనిసరి, బ్లేజర్ ఉంటే మరీ మంచిది.

ఇంటర్వ్యూ తేదీ మే 14. ఊరు చెన్నై. మన పంచాంగం ప్రకారం డొల్లు కర్తరి వెళ్లి నిజ కర్తరి వచ్చిన రోజులు. ఇక్కడివాళ్లు వాటినే అగ్ని నక్షత్రమనీ, కత్తిరి వెయిల్ అనీ అంటారు. 2003 మే 31న నుంగంబాకంలో 45 డిగ్రీల ఎండ నమోదైన ఊరిది. పదిహేడో శతాబ్దంలో ఫ్రెంచి రాజుల కొలువులో చేరిన క్రొయేషియా సైనికులు మెడకు చుట్టుకున్న గుడ్డముక్క అక్కడి దొరలకు నచ్చింది. వాళ్లు దానికి ఆ సైనికుల జాతిపేరే పెట్టి క్రవాత్ అన్నారు. ఇప్పటి టైకి మూలం అదే. చలిదేశపు సిపాయి మెడగుడ్డ అన్ని సముద్రాలూ దాటి వచ్చి, కర్తరిలో సూళ్లూరుపేట కుర్రాడి గొంతు పట్టుకుంది. కూటి కోసం కోటి విద్యలన్నారు పెద్దలు. పాపం, వాళ్ల కాలానికి కోటు విద్య ఇంకా రాలేదు.

మావాడు వేళచ్చేరిలో నలుగురు తెలుగు కుర్రాళ్లతో కలిసి ఒకే గదిలో ఉంటాడు. ఆ గదికి ఒక టై ఉంది. గదికి అని ఎందుకన్నానంటే, నీళ్ల క్యానూ ఇండక్షన్ స్టవ్వూ ఎలా ఉమ్మడి ఆస్తులో అదీ అంతే. దాని అసలు యజమాని అమెరికా వెళ్లిపోయి చాలాకాలమైంది. వెళ్లేముందు ఒకరాత్రి సగం సేపు వీడియోలు చూసి, మూడుసార్లు తప్పి, నాలుగోసారికి దానికొక ముడి వేశాడు. ఆ ముడిని ఆ తరవాత ఎవరూ విప్పలేదు. గదిలోకి వచ్చినవాళ్లు వచ్చారు, పోయినవాళ్లు పోయారు, ముడి మాత్రం ఉంది. అవసరమైనవాడు కిటికీ ఊచకు వేలాడే దాన్ని తీసి, కొంచెం వదులు చేసి తల దూర్చుకుంటాడు, బిగించుకుని వెళ్తాడు, వచ్చాక మళ్లీ ఊచకు తగిలిస్తాడు. గది నిబంధనల్లో మొదటిది ఐదో తేదీలోగా అద్దె కట్టాలన్నది. రెండోది, ముడి విప్పినవాడు రెండు నెలల అద్దె ఒక్కడే కట్టాలన్నది. రెండోదాన్ని ఇంతవరకు ఎవరూ ఉల్లంఘించలేదట. మొదటిదాని గురించి నేనడగలేదు.

ఆ టై చివర రూపాయి బిళ్లంత సాంబారు మరక ఉంది. ఏ ఇంటర్వ్యూ తరవాత ఏ హోటల్లో పడిందో తెలియదు గానీ, దాని పర్యవసానం మాత్రం శాస్త్రీయమైనది. మరక కనపడకూడదంటే కోటు వేసుకోవాలి. వేసుకుంటే చాలదు, బొత్తాం పెట్టాలి. బొత్తాం పెట్టాక ఎంత ఉక్కపోసినా కోటు తీయరాదు, తీస్తే మరక బయటపడుతుంది. ఆ కోటు గదిలోని నెల్లూరు కుర్రాడు అక్క పెళ్లి రిసెప్షన్‌కి కుట్టించుకున్నది, కాలర్ చుట్టూ సన్నటి జరీ అంచు. జరీ కనపడకుండా కాలర్ లోపలికి మడిచి గుండుసూదులు గుచ్చుతారు. అంటే మెడ తిప్పరాదు. ఇలా మెడ తిప్పకుండా, బొత్తాం విప్పకుండా, చెమట తుడుచుకోకుండా కూర్చున్న అభ్యర్థిని చూసి ఆత్మవిశ్వాసం లోపించిందని రాస్తారు. ఎరువు సొమ్ములు బరువు చేటు, తీయనుంటే చెవుల చేటు అన్న సామెతలో చెవులకు బదులు మెడ అని చదువుకుంటే సరిపోతుంది.

ఒకే రోజు ఇద్దరికి ఇంటర్వ్యూలు పడితే పరిస్థితి ఏమిటని అడిగాను. పడ్డాయట. ఒకడికి పొద్దున తరమణిలో, ఇంకొకడికి మధ్యాహ్నం షోళింగనల్లూరులో. మొదటివాడు ముగించుకుని తిరువాన్మియూర్ స్టేషన్‌కి పరుగెత్తాడు, రెండోవాడు అక్కడ సిద్ధంగా నిలబడి ఉన్నాడు. మెట్ల దగ్గర ఒకడు తన మెడలోంచి టై తీసి రెండోవాడి మెడలో వేశాడు. ఇద్దరి ముఖాలూ పెళ్లిపీటల మీది గంభీరతతో ఉన్నాయి. పక్కన మల్లెపూలు అమ్ముకునే ఆమె ఇదేదో తెలుగువాళ్ల తంతు కాబోలనుకుని, మూర ధర పది రూపాయలు తగ్గించి చెప్పిందట.

ఇదంతా కుర్రాళ్ల అతి అనుకుంటారేమో, కాదు. వీళ్లకు నేర్పించారు. ఇంజనీరింగ్ కాలేజీలో చివరి సంవత్సరం గ్రూమింగ్ అని ఒక క్లాసు ఉంటుంది. దానికి వచ్చే సారు బెల్టుదీ బూటుదీ ఒకే రంగు ఉండాలంటాడు, టై కొన సరిగ్గా బెల్టు బకిల్‌ను తాకాలంటాడు, మేజోళ్లు ప్యాంటు రంగుకు కలవాలంటాడు. నాలుగేళ్లలో జావా ఎవరికి వచ్చిందో రాలేదో కాలేజీ కనుక్కోలేదు గానీ, మేజోళ్ల రంగు మాత్రం వరుసలో నిలబెట్టి చూసింది. ఆడపిల్లలకు చున్నీ రెండు భుజాల మీదా పిన్ను పెట్టాలని, జుట్టు అల్లుకోవాలని, గాజులు చప్పుడు చేయరాదని చెప్పారట. ఏ భుజాన ఎన్ని పిన్నులు పెడితే కోడింగ్ పరీక్షలో ఎన్ని మార్కులు కలుస్తాయో కూడా చెబితే బాగుండేది.

సరే, మే 14 వచ్చింది. గదిలో తెల్లవారుజాము నుంచి ఇస్త్రీ. మావాడు వేళచ్చేరిలో రైలెక్కి, దిగి, షేర్ ఆటోలో మధ్య సీటు సంపాదించి, కోటు నలగకుండా రెండు చేతులూ పైకెత్తి పట్టుకుని, లొంగిపోతున్న దొంగలాగా కంపెనీ చేరాడు. లోపల చలి. 2020 జనవరి నుంచి మన దేశంలో గదుల ఏసీలు కొత్తగా ఆన్ చేస్తే 24 డిగ్రీల దగ్గర మొదలు కావాలని ప్రభుత్వ నిబంధన. అక్కణ్ణుంచి దాన్ని ఓపికగా 18కి దించినవాడెవడో ఆ కంపెనీలో ఉన్నాడు. బయట కాలిన చెమట లోపల మంచయింది. రెండున్నర గంటల తరవాత ఇంటర్వ్యూ చేసే పెద్దమనిషి వచ్చాడు. మెడ సాగిపోయిన టీషర్టు, మోకాళ్ల పైకి నిక్కరు, కాళ్లకు రబ్బరు చెప్పులు, చేతిలో కోల్డ్ కాఫీ. కూర్చుని, మావాణ్ణి పైనుంచి కిందకు చూసి, జాలిగా నవ్వి అన్నాడట: "ఎందుకు బ్రో ఇంత ఫార్మల్‌గా? రిలాక్స్!"

మెయిల్ పంపింది వాళ్ల కంపెనీయే.

నిక్కరు మీద నాకు కోపం లేదు. ఈ ఊరి ఎండకు అది వివేకవంతుల దుస్తు. జపాన్ ప్రభుత్వం 2005లోనే వేసవిలో టైలు కోట్లు తీసేయండి, ఏసీ 28 దగ్గర పెట్టుకోండి అని ఉద్యోగులకు చెప్పింది, ప్రధానమంత్రే టై లేకుండా తిరిగాడు. అక్కడ ముందు పైవాడు తీశాడు, చూసి కిందివాడు తీశాడు. మన దగ్గర పైవాడు తీసేసిన టైని కిందివాడి మెడలో కట్టారు.

ఎవరి మెడలో ఉందో చూడండి. మూడేళ్ల ఎల్కేజీ పిల్లవాడి మెడలో ఎలాస్టిక్ టై. డాక్టరు గది బయట సంచీ పట్టుకుని ఎదురుచూసే మెడికల్ రెప్రజెంటేటివ్ మెడలో టై. పెద్ద హోటల్లో ఇడ్లీ తెచ్చిపెట్టే మనిషికి బో టై, ఇడ్లీ తినే మనిషికి లుంగీ కట్టుకునే స్వేచ్ఛ. ఉద్యోగం అడగడానికి వచ్చినవాడికి టై, ఇచ్చేవాడికి రబ్బరు చెప్పులు. వీళ్లందరూ నిలబడి ఉంటారు, ఎదుటివాడు కూర్చుని ఉంటాడు.

ఈ ఊరికి దుస్తుల విషయంలో చరిత్ర ఉంది. 2014 జులైలో మద్రాసు హైకోర్టులో పనిచేస్తున్న న్యాయమూర్తి ఒకరు పుస్తకావిష్కరణ సభకని క్రికెట్ సంఘం క్లబ్బుకు పంచెకట్టుతో వెళ్తే గుమ్మంలోనే ఆపేశారు. రాష్ట్రమంతా మండిపడింది. మరుసటి నెలలోనే శాసనసభ చట్టం చేసింది. పంచె కట్టుకున్నందుకు గానీ, మరే భారతీయ సంప్రదాయ దుస్తులు వేసుకున్నందుకు గానీ ఎవరినైనా క్లబ్బులోకి రానీయకపోతే ఏడాది దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. మంచి చట్టం. చెన్నైలో ఇప్పుడు పంచెతో క్లబ్బుకు భోజనానికి పోవచ్చు. ఆ భోజనం సంపాదించుకునే ఉద్యోగానికి మాత్రం పంచెతో పోయి చూడమనండి.

మావాడు తిరిగొచ్చి ఇదంతా చెబుతూ చివర్లో ఒక మాట అన్నాడు. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన వీణ్ణి చూసి, దగ్గరకు పిలిచి, టై సర్ది, కాలర్‌లోంచి బయటికొచ్చిన గుండుసూదిని లోపలికి నొక్కి పంపాడట. ఆయన కూడా టై కట్టుకుని ఉన్నాడు. పొడుగు చేతుల చొక్కా, భుజాన దారాల తాడు, నల్లటోపీ, చీలమండలు దాటిన బూట్లు. వయసు అరవై దాటి ఉంటుందన్నాడు. కుర్చీ ఉందా అని అడిగాను. లేదన్నాడు. లోపల నిక్కర్లు వేసుకున్నవాళ్లకు నడుము నొప్పి రాకుండా వెనక్కి వాలే కుర్చీలు కొంటారు. అరవై ఏళ్ల మనిషిని నిజ కర్తరిలో, తారురోడ్డు అంచున, మెడకు ఉరిలాంటి గుడ్డ బిగించి పన్నెండు గంటలు నిలబెడతారు, ఎందుకంటే లోపలికి వచ్చే కార్లకు కంపెనీ గౌరవంగా కనపడాలి. దుకాణాల్లో, సంస్థల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే ఏర్పాటు ఉండాలని ఈ రాష్ట్రం 2021లో చట్టాన్ని సవరించింది. త్యాగరాయ నగర్ బట్టల దుకాణాల్లో రోజంతా నిలబడి కాళ్లు వాచిన ఆడవాళ్ల గోడు విన్నాక వచ్చిన సవరణ అది. ఆ గేటు దాకా అది రాలేదు. ఎవడి గౌరవమండీ ఇది? ఒక్క ముసలాయన కూర్చుంటే పడిపోయే గౌరవాన్ని ఇన్ని అంతస్తుల అద్దాల మేడ ఎలా మోస్తోంది? ఆ మెయిల్ రాసిన చేతులు ఒక్క మధ్యాహ్నం, ఒకే ఒక్క మధ్యాహ్నం, ఆ బూట్లు తొడుక్కుని అక్కడ నిలబడి చూడాలి. అప్పుడు రాయమనండి, కింద గీత గీసి.

మావాడికి ఆ ఉద్యోగం రాలేదు. తమ కల్చర్‌కి సరిపోడని రాశారు.

నిన్న ఇంకో కంపెనీ నుంచి మెయిల్ వచ్చిందట. మధ్యాహ్నం రెండింటికి ఫోను చేశాడు. "మామా, స్మార్ట్ క్యాజువల్స్‌లో రమ్మన్నారు. అంటే ఏం వేసుకోవాల?" నాకు తెలియదన్నాను. టై కట్టుకోవాలో వద్దో గదిలో అప్పటికే రెండు గంటలుగా చర్చ నడుస్తోందట. కట్టుకుని, ముడి మాత్రం ఒక అంగుళం కిందికి వదులుగా లాగి ఉంచితే క్యాజువల్ అవుతుందని నెల్లూరు కుర్రాడి వాదన. అంత దూరం లాగితే ఊడిపోతుందని మిగతావాళ్ల భయం. చివరికి అమెరికాకు ఫోను చేసి ముడి వేసినవాణ్ణే అడుగుదామని తేల్చుకుని, అక్కడ తెల్లవారేదాకా ఎదురుచూస్తున్నారు.