వారంటీకి గడువుంది, రిపేరుకి లేదు

కొత్తగా కొన్న ట్రావెల్ ట్రైలర్ (కారుకో ట్రక్కుకో తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు) పైకప్పు మే నెలలో కారింది అనుకుందాం. కొని ఏడు నెలలే అయింది, వారంటీ ఏడాది, కాబట్టి కంగారు అక్కర్లేదనిపిస్తుంది. డీలర్ సర్వీసు విభాగానికి ఫోన్ చేస్తే జూన్ నెలాఖరుకి అపాయింట్‌మెంట్ ఇస్తారు. తీసుకెళ్లి అప్పగించిన బండి లాట్‌లో, అంటే డీలర్ బండ్లు నిలిపే ఆవరణలో, ఓ మూల నిలబడుతుంది. రెండు మూడు వారాలకు టెక్నీషియన్ చూసి ఫొటోలు తీస్తాడు. అవి తయారీ కంపెనీకి వెళ్తాయి. కంపెనీ ఇంకో నాలుగు ఫొటోలు కావాలంటుంది. అనుమతి వచ్చాక విడిభాగం ఆర్డరు పెడతారు. అది వచ్చేసరికి ఆగస్టు దాటిపోతుంది, వచ్చింది సరైన భాగం కాకపోతే కథ మళ్లీ మొదటికి. ఈలోగా వానలు పడుతూనే ఉంటాయి, కారిన చోట ప్లైవుడ్ నానుతూనే ఉంటుంది, బ్యాంకు వాయిదా నెలనెలా కట్టాల్సిందే. వారంటీ ఏడాది మాత్రం ఎవరికోసమూ ఆగదు.

అమెరికాలో ఆర్వీ, అంటే ఇలాంటి చక్రాల ఇల్లు, కొన్నవాళ్లకు ఈ వరస బాగా తెలుసు. ఎందుకింత ఆలస్యం అని అడిగితే పరిశ్రమ చెప్పే జవాబు ఒక్కటే: టెక్నీషియన్లు దొరకడం లేదు. అది అబద్ధం కాదు, కానీ సగం నిజమే. మిగతా సగం ఏమిటంటే, రిపేరు ఆలస్యమైతే నష్టపోయేది బండి యజమాని ఒక్కడే. ఆ ఆలస్యంలో పాలున్న మిగతా ఎవరికీ దానివల్ల ఒక్క డాలరు పోదు. ఖర్చు లేని ఆలస్యాన్ని తగ్గించుకోవాలన్న తొందర ఎవరికి ఉంటుంది?

కారు కొంటే ఇంజను నుంచి సీటు బెల్టు దాకా దాదాపు అన్నిటికీ ఒకే కంపెనీ జవాబుదారీ. ఆర్వీ అలా కాదు. మోటర్‌హోమ్ (సొంత ఇంజనుతో నడిచే ఆర్వీ) అయితే కింద ఉండే ఛాసిస్, అంటే ఇంజను, చక్రాలు ఉన్న అడుగు భాగం, ఫోర్డుదో ఫ్రైట్‌లైనర్‌దో మెర్సిడెస్ బెంజ్‌దో అవుతుంది. దాని వారంటీ వేరు, చూసే షాపు వేరు. పైన కట్టిన ఇంటికి ఆర్వీ కంపెనీ బాధ్యత. ఆ ఇంట్లోని ఫ్రిజ్, ఏసీ డోమెటిక్‌వి కావచ్చు, ఫ్రేము, స్లైడ్‌ఔట్ (బండి ఆపాక పక్కకి జరిగి బయటికి వచ్చే గది భాగం) యంత్రాంగం లిపర్ట్‌వి కావచ్చు. ఒక్కోదానికి ఒక్కో వారంటీ కాగితం, ఒక్కో ఫోన్ నంబరు. స్లైడ్‌ఔట్ వంకరగా బయటికి వస్తోందంటే తప్పెవరిది? యంత్రం చేసినవాళ్లు గోడ కోత సరిగా లేదంటారు, గోడ కోసినవాళ్లు యంత్రం బిగుతు చూడమంటారు, ఇద్దరూ కలిసి యజమాని లోపల ఎక్కువ బరువు పెట్టాడంటారు. ఈ వాదం తేలేదాకా బండి లాట్‌లోనే ఉంటుంది. స్పానర్ పట్టుకునే పని ఒక పూట అయితే, ఎవరు డబ్బిస్తారో తేల్చే పని నెలలు. టెక్నీషియన్ల కొరత అనే మాట వెనక దాగిపోయేది ఈ రెండో భాగమే.

డీలర్ వైపు లెక్క కూడా చూడాలి. వారంటీ పనికి కంపెనీ గంటకింత అని చెల్లిస్తుంది. అది చాలాచోట్ల మామూలు కస్టమరు జేబులోంచి ఇచ్చే రేటుకన్నా తక్కువ. పైగా ఫలానా పనికి ఇన్ని గంటలే అని ముందే నిర్ణయిస్తుంది. నీరు ఎక్కడ కారుతోందో చూడటం తేలిక, ఎక్కడినుంచి లోపలికి వస్తోందో పట్టుకోవడానికి ఒక రోజంతా పట్టొచ్చు. ఆ వెతుకులాటకు పూర్తి కూలి రాదు. అదే రోజు వడగళ్లకు దెబ్బతిన్న బండి బీమా కింద వస్తే పూర్తి రేటు గిట్టుతుంది. మీరే సర్వీసు మేనేజరైతే ముందు ఏ బండిని లోపలికి తీసుకుంటారు? డీలర్లంతా దుర్మార్గులని నేననను, కూలి లెక్కే వాళ్లను అటు నడిపిస్తుంది. ఇక తమ దగ్గర కొనని బండైతే చాలామంది ముట్టుకోరు. దేశమంతా తిరగడానికి కొన్న బండిని, పాడైతే కొన్న ఊరికే ఈడ్చుకు రమ్మంటారు!

టెక్నీషియన్ల కొరత వాదానికి ఒక పరీక్ష ఉంది. కోవిడ్ రోజుల్లో హోటళ్లూ విమానాలూ వద్దనుకున్న జనం ఆర్వీల మీద పడ్డారు. పరిశ్రమ సంఘం ఆర్వీఐఏ లెక్క ప్రకారం 2021లో ఫ్యాక్టరీల నుంచి డీలర్లకు వెళ్లిన బండ్లు 6,00,240. అది రికార్డు. 2023 నాటికి అది 3,13,174కి, అంటే దాదాపు సగానికి పడిపోయింది. అమ్మకాల జోరే ఆలస్యానికి కారణమైతే సర్వీసు బేలు, అంటే వర్క్‌షాపులో రిపేరు చేసే చోట్లు, ఖాళీ అవ్వాలి. 2021 బండ్లు రోడ్డు మీదే ఉన్నాయి, వాటికీ రిపేర్లు కావాలి అని సమాధానం వస్తుంది. ఒప్పుకుంటాను. కానీ వాటిలో చాలాటికి ఏడాది వారంటీ ఎప్పుడో తీరిపోయింది, ఇప్పుడు యజమానులు సొంత డబ్బు పెట్టుకుంటున్నారు. అంటే వారంటీ బండికి పోటీ ఇంకా పెరిగింది. పరిశ్రమ ఇండియానా రాష్ట్రంలోని ఎల్కార్ట్‌లో ఆర్వీ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టి టెక్నీషియన్లకు శిక్షణ ఇస్తోంది. మంచి పనే. అక్కడ నేర్చుకున్న కుర్రాడు రేపు వర్క్‌షాపులో ముందు ఏ బండి మీద చెయ్యి వేయాలో నిర్ణయించేది మాత్రం పాత కూలి లెక్కే.

ఎల్కార్ట్ పేరు వచ్చింది కాబట్టి మరో మాట. అమెరికా ఆర్వీల్లో 80 శాతానికి పైగా ఇండియానా రాష్ట్రంలోనే, అందులోనూ ఎల్కార్ట్ చుట్టుపక్కలే తయారవుతాయి. థోర్, ఫారెస్ట్ రివర్, విన్నెబాగో అనే మూడు గ్రూపులదే మార్కెట్లో సింహభాగం. జేకో, కీస్టోన్ థోర్‌వే, గ్రాండ్ డిజైన్ విన్నెబాగోది, ఫారెస్ట్ రివర్ 2005 నుంచి బర్క్‌షైర్ హాతవే అనే పెట్టుబడుల సంస్థ చేతిలో ఉంది. బ్రాండ్ మార్చి కొంటే బాధ తప్పుతుందనుకునేవాళ్లు ఈ చుట్టరికాలు చూసుకోవాలి. అక్కడి ఫ్యాక్టరీల్లో చాలాచోట్ల పీస్ రేటు పద్ధతి నడుస్తుంది, ఎన్ని బండ్లు దాటిస్తే అంత కూలి. సీలెంట్ సరిగా పట్టిందా లేదా అని ఇంకో పది నిమిషాలు ఆగి చూసినవాడికి ఆ పద్ధతిలో నష్టమే. అక్కడ మిగిలిన పది నిమిషాలే ఇక్కడ యజమానికి పది వారాలవుతాయి.

ఇక చట్టం. అసలు తమాషా ఇక్కడుంది. 1975 నాటి మాగ్నసన్–మాస్ వారంటీ చట్టం ప్రకారం రాతపూర్వక వారంటీ ‘ఫుల్’ అయినా కావాలి, ‘లిమిటెడ్’ అయినా కావాలి. ఫుల్ అని రాస్తే లోపాన్ని సహేతుకమైన సమయంలో ఉచితంగా సరిచేయాలి, తగినన్నిసార్లు ప్రయత్నించినా కుదరకపోతే డబ్బైనా వస్తువైనా తిరిగివ్వాలి. ఆర్వీ కంపెనీలు ఇచ్చేవి లిమిటెడ్ వారంటీలు. వాటికి ఆ షరతులు వర్తించవు. హోటల్ ఖర్చులు, పాడైన సెలవులు లాంటివి మాకు సంబంధం లేవని కూడా అందులోనే రాసుకుంటారు. ఏడాది పొడవునా ఆర్వీలోనే కాపురముండే కుటుంబానికి ఆ ఒక్క వాక్యం ఎంత బరువో చెప్పనక్కర్లేదు. వర్క్‌షాపులో ఉన్నది వాళ్ల ఇల్లు.

రాష్ట్రాల లెమన్ చట్టాలు (ఎన్నిసార్లు చూపించినా బాగుపడని కొత్త బండిని కొన్నవాళ్లకు రక్షణ ఇచ్చేవి) ఆదుకుంటాయనుకుంటే, చాలావాటిలో ఆర్వీ నివాస భాగానికి చోటు లేదు. ఫ్లోరిడా చట్టం ఆర్వీలను చేర్చుకుంటుంది, మొత్తం 60 రోజులు బండి వాడకానికి లేకుండా పోతే యజమానికి హక్కు పుట్టే అవకాశం ఇస్తుంది. కానీ నివాస సదుపాయాలను లెక్కలోంచి తీసేస్తుంది. అంటే ఇంజను చెడితే వింటారు, వంటగది కారితే వినరు. అత్యధిక ఆర్వీలు పుట్టే ఇండియానా రాష్ట్రపు లెమన్ చట్టమైతే మోటర్‌హోమ్‌లను ఏకంగా మినహాయించింది. కొన్ని వారంటీ పుస్తకాలు దావా వేయాలంటే ఇండియానాకే రమ్మంటాయి, అక్కడి చట్టమే వర్తిస్తుందంటాయి. థోర్ మోటర్ కోచ్ వారంటీలోని ఇలాంటి షరతు మీద 2024లో కాలిఫోర్నియా అప్పీళ్ల కోర్టు యజమాని వైపు మొగ్గింది. ఆ రాష్ట్ర వినియోగదారు వదులుకోలేని హక్కులను అలాంటి షరతు పక్కన పెట్టించలేదని అంది.

మరి గడువు పెట్టడం అసాధ్యమా? కానే కాదు. భద్రతా లోపం మీద రీకాల్ (లోపమున్న బండ్లను కంపెనీ వెనక్కి పిలిచి ఉచితంగా బాగుచేయడం) వచ్చిందంటే, ఫెడరల్ చట్టం ప్రకారం బండి అప్పగించిన 60 రోజుల్లో సరిగా బాగుచేయకపోతే, సహేతుకమైన సమయంలో చేయలేదనడానికి అదే ప్రాథమిక సాక్ష్యం. అదే డీలర్లు, అదే టెక్నీషియన్లు, అవే విడిభాగాలు, అయినా అక్కడ అంకె రాయగలిగారు. కొన్ని రాష్ట్రాల ఆర్వీ డీలర్ల చట్టాల్లో డీలర్ పంపిన వారంటీ బిల్లును కంపెనీ 45 రోజుల్లో కాదనకపోతే ఒప్పుకున్నట్టే. కంపెనీకీ డీలర్‌కీ మధ్య డబ్బు సంగతి వచ్చేసరికి గడియారం దొరికింది. కొనేవాడి విషయంలోనే దొరకలేదు.

కాలిఫోర్నియా ఇంకో అడుగు ముందుంది. అక్కడి సాంగ్–బెవర్లీ చట్టం కింద, కొనుగోలుదారు రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప 30 రోజుల్లో వస్తువును వారంటీకి తగ్గట్టు చేసివ్వాలి. కంపెనీ చేతిలో లేని కారణాలతో ఆలస్యమైతే గడువు పెరుగుతుంది, నిజమే, కానీ గడువంటూ ఒకటుంది. అంతకన్నా నాకు నచ్చింది మరొకటి: వారంటీ రిపేరు కోసం వస్తువు యజమాని చేతిలో లేని రోజులను వారంటీ కాలానికి కలుపుతారు. నాలుగు నెలలు వర్క్‌షాపులో ఉంటే నాలుగు నెలలు పెరుగుతుంది. ఇది శిక్ష కూడా కాదు, అమ్మినదాన్ని పూర్తిగా ఇమ్మనడం మాత్రమే. మిగతా రాష్ట్రాలు మొదట చేయాల్సింది ఈ ఒక్కటే అని నా వాదన. ఆలస్యానికి ధర పలికితే, ఫొటోలు మళ్లీ పంపమనే ఈమెయిలు రెండు వారాలకు కాకుండా రెండు రోజులకే వస్తుంది.

చట్టం మారేదాకా యజమాని చేతిలో ఏముంది? కొంత ఉంది. లోపం కనిపించిన రోజే డీలర్‌కీ తయారీ కంపెనీకీ, అవసరమైతే ఆ పరికరం చేసినవాళ్లకీ రాతలో చెప్పడం అన్నిటికన్నా ముఖ్యం. ఫోన్లో ఎంతసేపు మాట్లాడినా, రేపు వారంటీ తీరాక ‘అప్పుడు చెప్పలేదే’ అంటే చూపించడానికి ఏమీ ఉండదు. వారంటీలో ఉండగా తెలియజేసిన లోపం అని తేదీతో కాగితం ఉంటే, రిపేరు ఎప్పుడు జరిగినా వాదించడానికి పట్టు దొరుకుతుంది. బండి అప్పగించిన ప్రతిసారీ రిపేరు ఆర్డరు ప్రతి తీసుకోండి, అందులో మీ ఫిర్యాదు మీ మాటల్లోనే ఉందో లేదో చదవండి. ‘కస్టమర్ చెక్ చేయమన్నాడు’ అని రాస్తే అది దేనికీ పనికిరాదు.

బండిని వదిలేసి రావడం విషయంలో తొందరపడకూడదు. ప్రయాణానికి ఇబ్బంది లేని లోపమైతే, చూపించి ఫొటోలు తీయించి వెనక్కి తెచ్చుకుని, విడిభాగం వచ్చాకే మళ్లీ ఇస్తానని అడగొచ్చు. చాలామంది డీలర్లకు లాట్‌లో జాగా మిగలడమే పదివేలు, కాదనరు. అయితే దీనికి ఒక ఇరకాటం ఉంది: లెమన్ చట్టం లెక్కించేది బండి వాడకానికి లేని రోజులను. మీ రాష్ట్రంలో ఆ లెక్క మీకు పనికొచ్చేదైతే వెనక్కి తెచ్చుకోవడం నష్టం కావచ్చు. ఏది ముఖ్యమో ముందే తేల్చుకోవాలి.

నీరు కారడం మాత్రం ఆగే సమస్య కాదు. తాత్కాలికంగా సీల్ టేపు వేయడానికో కప్పడానికో కంపెనీ అనుమతి ఈమెయిల్‌లో అడగండి, వేసే ముందూ వేశాకా ఫొటోలు తీయండి. ఏమీ చేయకుండా నాననిస్తే, తర్వాత పాడైన గోడకు యజమాని నిర్లక్ష్యమే కారణమని తేల్చడం కంపెనీకి తేలిక. మీ దగ్గరికే వచ్చి పనిచేసే మొబైల్ టెక్నీషియన్‌కు ముందస్తు అనుమతి ఇస్తారా అని కూడా అడగాలి, చాలా కంపెనీలు చిన్న పనులకు ఇస్తాయి. అనుమతి లేకుండా చేయించుకుంటే మాత్రం డబ్బు వెనక్కి రావడం కష్టం. బ్రేకులు, గ్యాస్ లీకు, ఇరుసు లాంటివైతే డీలర్‌తో పాటు ఫెడరల్ రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏకి కూడా ఫిర్యాదు చేయాలి. రీకాళ్లకు దారితీసే దర్యాప్తులు తరచూ అలాంటి ఫిర్యాదుల నుంచే మొదలవుతాయి.

కోపం వచ్చి లోను వాయిదాలు ఆపేయడం పెద్ద పొరపాటు. రిపేరు గొడవ డీలర్‌తో, అప్పు బ్యాంకుది, దెబ్బ తగిలేది మీ క్రెడిట్‌కి. ఓపిక నశిస్తే దానికన్నా పనికొచ్చే పని వారంటీ పుస్తకాన్ని చివరి పేజీ దాకా చదవడం. రిపేరు కుదరకపోతే బయటి షాపు ఖర్చు అడగొచ్చనే ప్రత్యామ్నాయ నిబంధన కొన్నిటిలో ఉంటుంది, అది వాడుకోకుండా కోర్టుకెళ్తే తలుపు మూసేస్తారు. దావా వేసే గడువును వారంటీ తీరిన తర్వాత కొద్ది నెలలకే కుదించే వాక్యం కూడా అక్కడే ఉంటుంది. డీలర్ ‘వచ్చే వారం’ అంటూ గడిపేసే రోజులు ఆ గడువును తినేస్తాయి. మాగ్నసన్–మాస్ కింద గెలిస్తే లాయరు ఫీజు కంపెనీ చేత ఇప్పించే వీలుంది, అందుకే ఇలాంటి కేసులు ముందు డబ్బు తీసుకోకుండా చూసే లాయర్లు దొరుకుతారు. వాళ్ల దగ్గరికి గడువు దాటాక వెళ్తే వాళ్లూ ఏమీ చేయలేరు.

ఇంకా కొననివాళ్లకు ఒక వెసులుబాటుంది: సంతకం పెట్టేదాకా డీలర్‌కి మీ అవసరం ఉంటుంది. సేల్స్ బల్ల దగ్గర కూర్చునే ముందు సర్వీసు కౌంటరుకి వెళ్లి, ఈ రోజు వారంటీ పని మీద వస్తే ఎప్పటికి చూస్తారని అడగండి. డెలివరీ ముందు సొంత ఖర్చుతో స్వతంత్ర ఇన్‌స్పెక్టర్ చేత బండి చూపించండి. దొరికిన లోపాలన్నీ సరిచేశాకే మిగతా డబ్బు ఇస్తానని చెప్పండి. ‘తీసుకెళ్లండి, తర్వాత చేసిస్తాం’ అంటే, ఏ తేదీకి చేసిస్తారో బాకీ పనుల కాగితం మీద రాయించండి. తేదీ రాయనంటే ఆ డీలర్ సర్వీసు విభాగం ఎలా ఉంటుందో డబ్బు కట్టకముందే తెలిసిపోయినట్టే.