'కన్‌డైన్': తగిన శిక్షా, కఠిన శిక్షా?

ఇంగ్లిష్‌లో 'కన్‌డైన్' (condign) అనే విశేషణం ఒకటుంది. మామూలు మాటల్లో దాదాపు వినపడదు. తీర్పుల్లోనో, సంపాదకీయాల్లోనో ఎప్పుడో ఒకసారి తగులుతుంది. అదీ 'పనిష్‌మెంట్' పక్కనే. అందుకే చాలామంది 'కఠినమైన' అని అర్థం చెప్పుకుని చదువుకుంటూ పోతారు. దాని అసలు అర్థం 'తగిన'. ఈ తేడా చిన్నదేమీ కాదు.

ఈ మాటకు మూలం లాటిన్ 'డిగ్నస్', అంటే యోగ్యమైనది. 'డిగ్నిటీ'కీ అదే మూలం. స్పెల్లింగ్‌లో ఉన్న 'జి'ని పలకరు. మొదట్లో ఈ మాటకు శిక్షతో ప్రత్యేక సంబంధం లేదు. మధ్యయుగ క్రైస్తవ వేదాంతులు పుణ్యానికి న్యాయంగా దక్కాల్సిన ప్రతిఫలం గురించి చర్చించేటప్పుడు దీని లాటిన్ రూపాన్నే వాడారు. షేక్‌స్పియర్ నాటకం 'లవ్స్ లేబర్స్ లాస్ట్'లో 'కన్‌డైన్ ప్రెయిజ్' కనిపిస్తుంది, అంటే తగిన పొగడ్త. 'హెన్రీ ది సిక్స్త్' రెండో భాగంలోనేమో 'కన్‌డైన్ పనిష్‌మెంట్' ఉంది. అప్పటికింకా రెండూ చెల్లేవన్నమాట.

ఇంగ్లండ్‌ను ఏలిన ట్యూడర్ రాజుల కాలపు చట్టాల్లో ఈ రెండో ప్రయోగం పదే పదే వచ్చింది. మాట అక్కడే ఇరుక్కుపోయింది. 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువులో, నేరాలకు దక్కేదాని గురించే దీన్ని వాడతారని రాసేశాడు. 1926లో ఇంగ్లిష్ వాడుక మీద నిఘంటువు రాసిన ఫౌలర్ ఇంకో అడుగు వేసి, ఇప్పుడిందులో ముఖ్యమైంది తీవ్రతేనని, అర్హత అనేది ఒక షరతుగా మాత్రమే మిగిలిందని తేల్చాడు.

మన 'తగిన' కూడా కొంతవరకు ఇదే దారిలో నడిచింది. 'తగిన బుద్ధి చెప్పారు' అంటే ఎవరూ మెచ్చుకోలు అనుకోరు. అయితే మనకు 'తగిన గౌరవం', 'తగిన ప్రతిఫలం' ఇంకా బతికే ఉన్నాయి. ఇంగ్లిష్‌లో ఇవాళ 'కన్‌డైన్ రివార్డ్' అని రాస్తే పాఠకుడు ఆగిపోతాడు.

వాడుక మారిందన్న ఫౌలర్ మాట కాదనలేం. కానీ అర్హతను పక్కన పెట్టేస్తే ఈ మాటతో పనేముంది? కఠినత్వమే చెప్పాలనుకుంటే 'సివియర్' ఉంది, 'హార్ష్' ఉంది. నేరం ఎంతటిదని చూడకుండా శిక్షించడానికి 'డ్రాకోనియన్' ఉంది. చిన్న దొంగతనానికీ మరణశిక్షే విధించాడని చెప్పుకునే ఏథెన్స్ శాసనకర్త డ్రాకో పేరు మీద వచ్చిందది. నా దృష్టిలో 'కన్‌డైన్'కు నిజమైన వ్యతిరేకపదం అదే. ఒకటి నేరాన్ని తూచి శిక్ష వేస్తుంది, రెండోది తూచదు. పత్రికల్లో ఈ రెండింటినీ ఒకదాని బదులు ఒకటి వాడటం చూస్తే బాధేస్తుంది.

కాబట్టి ఒక శిక్షను 'కన్‌డైన్' అని రాసేవాళ్లు ఆ నేరమేమిటో, దానికి అంత శిక్ష ఎందుకు తగుతుందో కూడా రాయాలి. ఆ వివరం చేతిలో లేకపోతే 'సివియర్' అని రాస్తే సరిపోతుంది.