లైబ్రరీ సెస్సు ఎటు పోతోంది?

ఇంటి పన్ను రసీదు ఎప్పుడైనా సరిగ్గా చూశారా? పన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. 1960 నాటి చట్టం కింద కట్టేది. మన దగ్గర ముక్కుపిండి వసూలు చేస్తారు సరే, అది జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి కదా? మున్సిపాలిటీలు ఏళ్ల తరబడి బకాయి పెడతాయి. మనం ఆలస్యం చేస్తే మాత్రం వడ్డీ!

మా ఊరి లైబ్రేరియన్ రిటైరయ్యాక ఆ కుర్చీ ఖాళీయే. పక్క ఊరాయన ఇన్‌ఛార్జి. ఇక్కడ తెరిస్తే అక్కడ తాళం. గ్రూప్స్‌కి చదివే పిల్లలు పుస్తకాలే కాదు, ప్లాస్టిక్ కుర్చీలు కూడా ఇంటి నుంచే మోసుకొస్తున్నారు. కరెంట్ అఫైర్స్ పుస్తకం ఉందండోయ్, అట్ట మీద పాత ముఖ్యమంత్రి! ఫ్యాను తిరగదు. అడిగితే "నిధుల్లేవండీ". ఎందుకుంటాయి, వసూలు చేసినవాళ్లే కట్టకపోతే?