కాసులపేరులో కూర్చున్న లక్ష్మమ్మకు

అమ్మా లక్ష్మీదేవీ,

క్షేమమా అని అడగడానికి నోరు రావట్లేదు. నువ్విప్పుడు ఉన్నది బ్యాంకు స్ట్రాంగ్ రూములో, ఓ గుడ్డసంచిలో, సంచి మూతికి సీలు, సీలు పక్కన లోన్ నంబరు. పాలసముద్రంలో పుట్టి, విష్ణుమూర్తి గుండెల మీద కాపురం చేసినదానివి, చివరికి పాలకొల్లు అవతల మా ఊళ్లో రొయ్యల చెరువుకి మేత బాకీ తీర్చడానికి తాకట్టుకి వెళ్లావు. శాపం తగిలి రాయైనవాళ్లు ఉన్నారు, చెట్టైనవాళ్లు ఉన్నారు, నెట్ వెయిట్ అయిన దేవతని మాత్రం ఏ పురాణంలోనూ వినలేదు తల్లీ.

అసలు ఆ కాసు మీద సీటు మొదట నీది కాదు. మా అమ్మమ్మ కాసులపేరులో ఉన్నది విక్టోరియా రాణి. బ్రిటిష్ సవర్లు అనే బంగారు నాణేలు, ఒక్కోటి ఇంచుమించు 8 గ్రాములు, 22 క్యారట్లు. ఇప్పటికీ మా గోదావరి జిల్లాల్లో కాసు బంగారం అంటే 8 గ్రాములే కదా, ఆ లెక్క అక్కణ్ణించి వచ్చిందే. ఒక పక్క రాణిగారి తల, రెండో పక్క గుర్రమెక్కి దేన్నో పొడుస్తున్న దొర. అమ్మమ్మకి ఆ దొర ఎవరో తెలీదు, ఆ జంతువు ఏమిటో అసలే తెలీదు, శుక్రవారం వస్తే అందరికీ కలిపి కుంకుమ పెట్టి కళ్లకద్దుకునేది. తర్వాత దొరలు వెళ్లిపోయారు, రాణి దిగిపోయింది, ఖాళీ అయిన చోట నిన్ను కూర్చోబెట్టారు. కాకపోతే రాణిగారి కాసు నిజంగా కాసు తూగేది. నీకు మాత్రం రేకు మీద అచ్చుకొట్టిన కాసులు, ఉఫ్ అంటే ఎగిరిపోయేవి.

నీ ఒక్కదాని గతే ఇది అనుకోకు. మీ ఆయన ఉంగరమై వేలికెక్కి, శ్రావణంలో పులస పులుసు కలిపే చేత్తో పాటు కంచంలో మునిగి తేలుతున్నాడు (మత్స్యావతారం ఎత్తినాయనకి ఆ క్షణంలో ఏమనిపిస్తుందో!). ఆంజనేయస్వామి లాకెట్టై సంక్రాంతికి కోడిపందేల బరి చుట్టూ తిరిగి, పుంజు పడిపోతే సాయంత్రానికి ఇంకో మెడలోకి మారిపోతున్నాడు. వాళ్ల ఉత్తరాలు వాళ్లకి వేరే రాస్తాను.

నిన్ను పెట్టిన రోజు కౌంటర్ దగ్గర నేనూ ఉన్నాను. అప్రైజర్ గారు నిన్ను బల్ల మీద పొడుగ్గా పరిచి, ఒక కాసు ఎంచి పట్టుకుని గీటురాయి మీద గీశారు. సరిగ్గా నీ ముక్కు దగ్గరే. మా అత్తగారి మెడలో ఏళ్ల తరబడి రాసుకుని ముందే అరిగిన ముక్కు, ఇంక మిగిలింది కూడా ఆ రాయికి అంటుకుంది. గీత మీద ఆసిడ్ చుక్క వేసి రంగు చూశారు. గీత చెరిగిపోలేదు, కాబట్టి నువ్వు నిజం లక్ష్మివే అని తేలింది. తర్వాత మధ్యలో పతకం, అదే, తామరపువ్వులో నువ్వు, అటో ఏనుగు ఇటో ఏనుగు, దాన్ని తిరగేసి “లోపల లక్క ఉందండి, రాళ్లున్నాయి, అవి తీసేయాలి” అన్నారు. లక్క, ఎర్రరాళ్లు, దారం అన్నీ పోగా నీ దైవత్వం ఎన్ని గ్రాములో రాసి నన్ను సంతకం పెట్టమన్నారు. ఇప్పటి నగలకైతే స్వచ్ఛత చెప్పే 916 ముద్ర ఉంటుంది, 2023 ఏప్రిల్ నుంచి కొట్లో అమ్మే నగకి ఆరక్షరాల గుర్తింపు కోడు (హెచ్‌యూఐడీ) కూడా ఉండాలి. నీకు అవేవీ లేవని పుట్టినతేదీ సర్టిఫికెట్ లేకుండా పింఛనుకొచ్చిన ముసలమ్మని చూసినట్టు చూశారు. పైగా విలువలో 75 శాతం దాటి అప్పు ఇవ్వకూడదని రిజర్వ్ బ్యాంకు ఏళ్లపాటు నడిపిన లెక్క ఒకటి. మేం నిన్ను నూటికి నూరుపాళ్లు నమ్ముతాం గానీ బ్యాంకు ముప్పాతికే నమ్మిందన్నమాట.

ఇంత జరిగినా నువ్వు కిక్కురుమనలేదు. భృగుమహర్షి వచ్చి మీ ఆయన గుండె మీద తంతే, అది నేనుండే చోటు అని అలిగి కొల్హాపురం వెళ్లిపోయావే, మరి మొహాన ఆసిడ్ పోస్తే ఆ అలక ఏమైంది?

ఎందుకు పెట్టాల్సి వచ్చిందో నీకు ఎవరూ చెప్పి ఉండరు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసింది. భీమవరం, ఉండి వైపు నుంచి మా దాకా రొయ్య రేట్లు పడిపోయాయి. సరుకు కొనేవాళ్లు ఫోన్ ఎత్తడం మానేశారు, మేత కొట్టాయన మాత్రం మేం ఎత్తకపోయినా చేస్తూనే ఉన్నాడు. ఏరేటర్ల కరెంటు బిల్లు ఆగదు, వనామీ రొయ్యపిల్లకి అమెరికా సంగతులు తెలియవు, పూటపూటా మేత వెయ్యమంటుంది. మా ఇంట్లో మగవాళ్లందరూ వరండాలో కూర్చుని చాలాసేపు అంతర్జాతీయ వ్యవహారాలు చర్చించి, చివరికి అందరూ ఒక్కసారే నా మెడ వైపు తిరిగారు.

ఇది కొత్తా? 1996 నవంబరు తుపానుకి కోనసీమలో కొబ్బరిచెట్లు వరసలు వరసలుగా పడిపోయినప్పుడూ, 2011లో వరి గిట్టుబాటు కాక అక్కడి రైతులు పంట విరామం అన్నప్పుడూ ఇళ్లల్లోంచి ముందు బయల్దేరింది నువ్వే. ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట కట్టాక డెల్టాకి నీళ్లొచ్చాయి, నీళ్ల వెంట నువ్వొచ్చావు అంటారు మా మామగారు. వచ్చిన మాట నిజమే గానీ నీకు ఒకచోట కాలు నిలవదు. చంచల అని పెద్దలు ఊరికే అనలేదు, కాకపోతే ఎంత చంచలవైనా రూటు మాత్రం ఒకటే, ఇంటి నుంచి బ్యాంకుకి, బ్యాంకు నుంచి ఇంటికి. ఈమధ్య ఇంటిదాకా కూడా రావట్లేదు. గడువు రోజున బ్యాంకు మెట్ల దగ్గర ఒక్కరోజు అప్పిచ్చే మనిషి ఉంటాడు, అతని డబ్బు కట్టి నిన్ను విడిపించి, అదే గంటలో మళ్లీ నిన్నే పెట్టి, అతని డబ్బు అతనికిచ్చేసి వచ్చేస్తారు. నీకు ఎండ కూడా తగలదు.

రామదాసు కథ నీకు నేను చెప్పాలా, ఆ సీతమ్మవి నువ్వే కదా. మాకు ఎగువన భద్రాచలంలో గోపన్న సర్కారు సొమ్ముతో గుడి కట్టి, మీకు పతకాలూ నగలూ చేయించి, తానీషా కాలంలో గోల్కొండ చెరలో పడ్డాడు. రామలక్ష్మణులు బంట్ల వేషంలో వచ్చి, మొహరీలు లెక్కపెట్టి, రశీదు కూడా తీసుకుని ఆయన్ని విడిపించారని చెప్పుకుంటాం. అప్పుడు దేవుడికి నగ చేయించి భక్తుడు చెరకి వెళ్లాడు. ఇప్పుడు దేవతే నగై భక్తుల బదులు వెళ్లింది. మా ఆయనా మా మరిదీ కూడా వేషాలకేం తక్కువ లేదు, మొహరీలే లేవు.

నీ మీద ఓ నాలుగు ముక్కలు అల్లాను. ఛందస్సు అడక్కు.

తామర దిగి కాసైతివి, కాసు కూడి పేరైతివి,
పేరు జారి రశీదైతివి, పెట్టెలోన ఖైదైతివి,
నంబరేసిన సంచిలోన నారాయణుని రాణివి,
వడ్డి కట్టిన పూట మళ్లీ వరాలిచ్చే తల్లివి!

ఇక్కడ నీ డ్యూటీ నీ డూప్ చేస్తోంది. వన్ గ్రామ్ గోల్డ్. మా అత్తగారు దాన్ని చూసి “చిలకలపూడిదా?” అంటారు, ఆవిడ కాలంలో గిల్టు అంటే బందరు పక్క చిలకలపూడే. మొన్న పెళ్లిలో మా వరసలో కూర్చున్నవాళ్ల మెడలన్నీ ధగధగలాడాయి, సగం డూపులే అని అందరికీ తెలుసు, ఎవరూ ఎవరినీ “ఎన్ని కాసులు పెట్టి చేయించారు వదినా” అని అడగలేదు. ఇదివరకు అయితే భోజనాలు మానేసి అదే అడిగేవాళ్లు.

శ్రావణమాసం వస్తే వరలక్ష్మీ వ్రతానికి ఇంకో రూపు కొనాలి. పెద్ద లక్ష్మి బ్యాంకులో ఉండగా చిన్న లక్ష్మిని కొని, తరుగు కట్టి, మజూరీ కట్టి, 3 శాతం జీఎస్టీ కట్టి, తీసుకెళ్లి కలశానికి కట్టి, మా ఇంట స్థిరంగా ఉండు తల్లీ అని మొక్కుతాం. మా ఆయన అక్షతలు పట్టుకుని ఆ రూపు వంక చూసే చూపులో భక్తి ఎంతో గ్రాము రేటు ఎంతో నేను విడదీసి చెప్పగలను. మా ఆడపడుచు అయితే పాతదాన్ని విడిపించి ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేయమంటోంది. కొట్లో మన కళ్లముందే కరిగిస్తారట. కరిగాక నువ్వూ విక్టోరియా రాణీ ఒకటే ముద్ద.

అన్నట్టు, మీ ఆయన్ని ఒక మాట అడిగిపెట్టు. పెళ్లికని కుబేరుడి దగ్గర అప్పు చేశాడు కదా (ఆ పెళ్లి పద్మావతమ్మతో అని నాకు తెలుసు, పాత గొడవలు తవ్వాలని కాదు), బ్రహ్మా శివుడూ సాక్షులట, కొండ మీద హుండీ ఎంత నిండినా ఇప్పటికీ వడ్డీకే సరిపోతోందట. అసలు ముట్టకపోయినా ఇన్నాళ్లుగా ఒక్క వేలం నోటీసు పంపలేదంటే కుబేరుడు మనిషి మంచివాడే అయ్యుంటాడు. రొయ్యల చెరువుల మీద ఇస్తాడా, పాస్ పుస్తకం జిరాక్స్ సరిపోతుందా ఒరిజినల్ అడుగుతాడా, కనుక్కుని చెప్పు. మా గడువు మార్చి నెలాఖరు.

ఇట్లు,
నీ భక్తురాలు
(లోన్ ఫారంలో రెండో సంతకం)