బిళ్లలు పిల్లలకే కాదు

వయోజనుల గణిత తరగతిలోకి చెక్క దిమ్మెలు, రంగు బిళ్లలు, కాగితపు పట్టీలు తీసుకెళ్లాలంటే చాలామంది బోధకులు జంకుతారు. నలభై ఏళ్లు దాటినవారి ముందు ఆటవస్తువులు పెడితే వారిని చిన్నబుచ్చినట్టవుతుందని బెరుకు. ఉద్దేశం మంచిదే, ఫలితమే విపరీతం. ఏ వల్లింపు చిన్నప్పుడు వారిని లెక్కలంటే పారిపోయేలా చేసిందో, దాన్నే మళ్లీ బోర్డు మీద రాసి, ఈసారైనా నేర్చుకోండి అంటున్నాం. అంతకన్నా చిన్నబుచ్చడం ఏముంటుంది?

ఇది కొద్దిమంది గొడవ కాదు. ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) 2024 డిసెంబరులో వెలువరించిన వయోజన నైపుణ్యాల సర్వే ప్రకారం, సభ్యదేశాల్లో సగటున ప్రతి నలుగురిలో ఒకరు సంఖ్యా సామర్థ్యంలో ఒకటో స్థాయిలోనో, అంతకన్నా కిందో ఉన్నారు. పూర్ణాంకాలతో చిన్న చిన్న లెక్కలు చేయగలరు, రెండు మూడు అంచెలు దాటాల్సి వస్తే తడబడతారు. వీరిలో ఎక్కువమంది బడి మొహం చూడనివారు కారు. ఏళ్ల తరబడి లెక్కల తరగతిలో కూర్చుని వచ్చినవారే.

అరకు మూడో వంతు కలిపితే ఎంత? లవానికి లవం, హారానికి హారం కూడి 2/5 అని రాసేవారు ఏ వయోజన తరగతిలోనైనా తగులుతారు. హారాలు వేరు కాబట్టి క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) కనుక్కోవాలని బోధకుడు దిద్దుతాడు. విద్యార్థి తలూపుతాడు. వారం తిరిగేసరికి మళ్లీ 2/5. అదే విద్యార్థి చేతికి ఒకే పొడవున్న కాగితపు పట్టీలు ఇచ్చి చూడండి. ఒకదాన్ని రెండు ముక్కలు, ఒకదాన్ని మూడు, మరొకదాన్ని అయిదు, ఇంకోదాన్ని ఆరు చేయమనండి. అర ముక్క పక్కన అయిదో వంతులు రెండు పేర్చగానే అవి పొట్టిగా ఉన్నాయని కంటికే తెలిసిపోతుంది. అరకు ఇంకొంత చేరిస్తే అర కన్నా తగ్గడమేమిటి? ఆ అనుమానం బోధకుడు రేపితే వచ్చేది కాదు, పట్టీలు ఎదురుగా ఉంటే దానంతటదే వస్తుంది. ఇక అరను, మూడో వంతును రెండింటినీ సరిగ్గా కొలిచే ముక్క కోసం వెతుకులాట మొదలవుతుంది. ఆరో వంతులు అర కింద మూడు, మూడో వంతు కింద రెండు అతికినట్టు సరిపోతాయి. మొత్తం అయిదు, అంటే 5/6. క.సా.గు. అనేది పరీక్ష పెట్టేవాళ్లు కల్పించిన తంటా కాదని, రెండు ముక్కలకూ సరిపడే కొలత అని అప్పుడు బోధపడుతుంది. కావాల్సిందల్లా కాగితం, కత్తెర.

దిమ్మెలూ బిళ్లలూ పిల్లల సరుకన్న అపోహకు చరిత్రలో ఆధారం లేదు. 12వ శతాబ్దంలో ఇంగ్లండ్ రాజు ఖజానా అధికారులు గళ్ల గుడ్డ పరిచిన బల్ల మీద బిళ్లలు జరుపుతూనే లెక్కలు సరిచూసేవారు. చైనాలో పండితులు కడ్డీలు పేర్చి లెక్కించేవారు. వాళ్లనెవరూ పసివాళ్లనలేదు. మూర్త వస్తువులతో ఆలోచించే దశ 7 నుంచి 11 ఏళ్ల మధ్య ఉంటుందన్న మనస్తత్వవేత్త పియాజే మాటను మనవాళ్లు తప్పుగా అర్థం చేసుకున్నారు. ఆ దశ దాటినవారికి వస్తువులతో పనిలేదని దానర్థం కాదు. కొత్త విషయం ఎదురైనప్పుడు ముందు చేత్తో చేయడం, తర్వాత బొమ్మగా చూడటం, ఆపై గుర్తుల్లో రాయడం అన్న క్రమాన్ని అమెరికన్ మనస్తత్వవేత్త జెరోమ్ బ్రూనర్ 1960లలో ప్రతిపాదించినప్పుడు, దాన్ని పిల్లలకే పరిమితం చేయలేదు.

పెద్దలు తమంతట తాముగా లెక్కలెలా చేస్తారో గమనించిన అమెరికన్ మానవశాస్త్రవేత్త జీన్ లేవ్ 1988లో ఒక ముచ్చటైన ఉదంతాన్ని నమోదు చేశారు. బరువు తగ్గించే కార్యక్రమంలో చేరిన ఒకాయన, కప్పులో మూడింట రెండు వంతుల కాటేజ్ చీజ్‌లో (మెత్తని జున్ను లాంటిది) మళ్లీ నాలుగింట మూడు వంతులే తీసుకోవాల్సి వచ్చింది. కాలేజీలో కాలిక్యులస్ చదివానని గొణుక్కున్నాడట. చివరికి 2/3 కప్పు కొలిచి, గుండ్రంగా పరిచి, పైన అడ్డంగా నిలువుగా గీతలు గీసి, నాలుగు భాగాల్లో ఒకటి తీసి పక్కన పెట్టేశాడు. కాగితం మీద గుణిస్తే అర కప్పని క్షణంలో తేలేది. ఆయన కాగితం జోలికే పోలేదు. చేత్తో చేసిన ఈ పనికీ కాగితం మీది గుణకారానికీ సంబంధం చూపించాల్సింది తరగతి గది. అక్కడే మన బోధన చేతులెత్తేస్తోంది.

అలాగని దిమ్మెలు కొనిచ్చేస్తే గణితం వచ్చేస్తుందని నమ్మేవారితోనూ మేం ఏకీభవించం. పెట్టెలు అందజేసి ఫొటోలు దిగే కార్యక్రమాలకు లోటు లేదు. వస్తువులో గణితం ఉండదు, దాన్ని చూపించే ప్రశ్నలో ఉంటుంది. 55 అధ్యయనాలను కలిపి చూసిన 2013 నాటి విశ్లేషణ కూడా ఆచితూచే మాట్లాడింది. ఒట్టి గుర్తులతో చెప్పినదాని కన్నా వస్తువులతో చెప్పినప్పుడు ఫలితం మెరుగే గానీ ఆ తేడా చిన్న స్థాయి నుంచి మధ్యస్థం వరకే ఉందని, బోధించే తీరును బట్టి అది మారుతోందని తేల్చింది. దిమ్మె కదిపిన ప్రతిసారీ పక్కనే దాన్ని అంకెల్లో రాయించకపోతే విద్యార్థికి దిమ్మెలు ఒక లోకం, లెక్కలు ఇంకో లోకం అయిపోతాయి. సమయం సరిపోదన్న అభ్యంతరం నిజమే. అర్థంకాని సూత్రాన్ని ప్రతి నెలా మళ్లీ చెప్పడానికి పట్టే సమయాన్నీ లెక్కలో వేసుకోవాలి మరి.

బీజగణితం సంగతీ అంతే. 'ఎ ప్లస్ బి హోల్ స్క్వేర్' అంటే 'ఎ స్క్వేర్ ప్లస్ బి స్క్వేర్ ప్లస్ టూ ఏబీ' అని నిద్రలో లేపినా చెప్పేవారు కోకొల్లలు. ఆ 'టూ ఏబీ' ఎక్కడిదంటే మాత్రం మౌనం. 13 గళ్ల భుజంతో చతురస్రం కత్తిరించి, రెండు వైపులా 10 దగ్గర మడిస్తే నాలుగు భాగాలు కనిపిస్తాయి. ఒకటి 100 గళ్లది, ఒకటి 9 గళ్లది, ముప్పయ్యేసి గళ్లవి రెండు. మొత్తం 169. ఇక్కడ ఎ అంటే 10, బి అంటే 3. ఆ ముప్పయ్యిల జంటే 'టూ ఏబీ'.

పెద్దలకు ఏ వస్తువు ఎందుకు ఇస్తున్నామో ముందే చెప్పాలి. కార్టూన్ బొమ్మలు అచ్చేసిన సామగ్రి వద్దు. వస్తువు అక్కర్లేదనుకున్నవారు దాన్ని పక్కన పెట్టేయవచ్చు, కావాలనుకున్నవారు ఎన్నాళ్లైనా వాడుకోవచ్చు. పరీక్షల్లో బొమ్మ గీసి సాధించిన జవాబుకు పూర్తి మార్కులు పడాలి. అన్నిటికన్నా ముందు బోధకుల శిక్షణ మారాలి. తిరగేసి గుణించడం తప్ప భిన్నాల భాగహారంలో ఇంకేమీ ఎరగని బోధకుడి చేతికి పట్టీలిచ్చి లాభం లేదు. 3/4ను 1/8తో భాగిస్తే 6 ఎందుకు వస్తుందో పట్టీలు పేర్చి చూపమని శిక్షణ తొలిరోజే అడగాలి. చూపలేకపోయినవారిని తప్పుపట్టనక్కర్లేదు, తరగతికి పంపేముందు ఇంకొన్నాళ్లు శిక్షణలో ఉంచితే చాలు.